తరగతిలో ముప్పయ్యో విద్యార్థి ఎక్కడికి వెళ్లాడు?

బెంగళూరు మారతహళ్లిలో మా బావ నడిపే పీజీ హాస్టల్ వంటగదిలో, రాత్రి భోజనాలు ముగిసి పనివాళ్లు గిన్నెలు సర్దుకుంటున్న వేళ, మా అక్క కూతురు నా ముందు మూడు కాగితాలు పరిచి, "చిన్నమ్మా, వీటిలో ఎక్కడ చేరితే పెద్ద లా ఫర్మ్‌లో ఉద్యోగం వస్తుంది?" అని అడిగింది. అది 2025 మే నెల. ఆ ఏడాది ప్రవేశాల కోసం 2024 డిసెంబర్ 1న జరిగిన క్లాట్‌లో, అంటే జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల ఉమ్మడి ప్రవేశ పరీక్షలో, సమాధానాల కీ మీద వచ్చిన వివాదం హైకోర్టులకు, అక్కడి నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లడంతో, కౌన్సెలింగ్ మే దాకా ఆగిపోయింది. పన్నెండో తరగతి పరీక్షల మీద పెట్టాల్సిన మనసును ఆ పిల్ల నెలల తరబడి ఈ ఎదురుచూపులోనే పెట్టవలసి వచ్చింది. ఈలోగా ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయం సీటు నిలుపుకోవాలంటే ముందుగా డబ్బు కట్టమని వారానికోసారి ఫోన్ చేసేది. మొదటి కాగితం దానిదే, ఏడాదికి ఫీజు, హాస్టల్ కలిపి ఎనిమిది లక్షలు. రెండోది మరో రాష్ట్రంలో కొన్నేళ్ల క్రితమే పెట్టిన జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం, ఏడాదికి రెండున్నర లక్షలు. మూడోది ఇంటి నుంచే బస్సులో వెళ్లి చదువుకోగలిగిన బెంగళూరు కాలేజీ, అన్నిటికంటే చవక.

ఆ ప్రశ్నకు ఆ రాత్రి నేను సమాధానం చెప్పలేదు, ఎందుకంటే ప్రశ్నలోనే ఒక పొరపాటు ఉందని నాకు అనిపించింది. కాలేజీ ఉద్యోగం ఇవ్వదు. కాలేజీ పేరు ఇంటర్వ్యూ గది తలుపు దాకా తీసుకువెళుతుంది, అదీ అందరినీ కాదు. కాబట్టి అడగవలసింది "ఇక్కడి నుంచి ఎవరికైనా ఉద్యోగం వచ్చిందా" అని కాదు, "ఇక్కడ అరవై మంది చదివితే, మార్కుల్లో ముప్పయ్యో స్థానంలో ఉన్న విద్యార్థి చివరికి ఎక్కడికి వెళ్లాడు" అని. లా చదువు ఎంచుకునే ప్రతి తెలుగు కుటుంబమూ ఈ ఒక్క ప్రశ్నను గట్టిగా పట్టుకోవాలన్నదే నేను చెప్పదలుచుకున్న మాట. మిగిలినదంతా దానికి వివరణ.

నేనెవరో కూడా చెప్పాలి. అనంతపురంలో తెలుగు మీడియంలో చదివి, బీకాం పూర్తి చేసి, బెంగళూరు వచ్చి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చేశాను. సిటీ సివిల్ కోర్టులో ఒక సీనియర్ దగ్గర నెలకు నాలుగు వేల రూపాయలకు జూనియర్‌గా పనిచేశాను. ఆ డబ్బు గది అద్దెకే సరిపోయేది కాదు. తరువాత ఒక పెద్ద ఫర్మ్ ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు, ఎదుట కూర్చున్న పార్ట్‌నర్ నా దరఖాస్తులో కాలేజీ పేరున్న గీత దగ్గర ఆగి, కాగితం మూసి, టీ తాగుతారా అని అడిగారు. టీ తాగి బయటికి వచ్చాను. చట్టం మీద ఒక్క ప్రశ్నైనా అడగలేదన్న బాధ నాకు చాలా కాలం ఉండిపోయింది. ఇప్పుడు ఔటర్ రింగ్ రోడ్డు మీద ఒక కంపెనీ న్యాయ విభాగంలో ఉన్నాను. అలాంటి ఫర్మ్‌లకే పని అప్పజెప్పి, వాళ్ల బిల్లులు చూసి, వాళ్ల జూనియర్లు పంపిన ముసాయిదాలు దిద్దడం నా రోజువారీ పని. తలుపుకు రెండు వైపులా నిలబడి చూశాను కాబట్టి ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయాలు ఉన్నాయి.

ముందుగా ఒక మాట. పద్దెనిమిదేళ్ల పిల్ల నేరుగా జీతం గురించి అడిగితే మన పెద్దవాళ్లకు కొంత ఇబ్బందిగా ఉంటుంది. న్యాయవాద వృత్తి సేవ అని, డబ్బు దానంతట అదే వస్తుందని మా ఇంట్లోనూ ఒకరిద్దరు అన్నారు. ఆ మాటను నేను ఒప్పుకోలేను. లీజుకు తీసుకున్న భవనంలో పీజీ నడుపుతూ, కరోనా ఏడాదిలో ఖాళీ గదులకు కూడా అద్దె కట్టి, ఆ అప్పు ఇంకా తీరుస్తున్న ఇంటి పిల్ల జీతం గురించి ఆలోచించడంలో తప్పేమీ లేదు. వెనక ఆస్తి ఉన్నవాళ్లకు డబ్బు లెక్క చూడని చదువు సాధ్యమవుతుంది. లేనివాళ్లు చూసి తీరాలి. చూసేటప్పుడు సరైన లెక్క చూడాలన్నదే నా పట్టుదల.

ఈ పెద్ద జీతాలు ఎక్కడి నుంచి వచ్చాయో తెలిస్తే ఎవరికి వస్తాయో కూడా అర్థమవుతుంది. మన నాగరబావిలో ఉన్న నేషనల్ లా స్కూల్‌లో మొదటి తరగతులు 1988లో మొదలయ్యాయి. మాధవ మేనన్ దాని వ్యవస్థాపక డైరెక్టర్. ఇంటర్ తరువాత నేరుగా చేరే ఐదేళ్ల కోర్సు, హాస్టల్, కేసుల చర్చతో సాగే బోధన ద్వారా న్యాయవాద వృత్తి ప్రమాణాన్నే పెంచాలన్నది ఆయన సంకల్పం. ఆ మొదటి బ్యాచ్ 1993లో బయటికి వచ్చేసరికి దేశంలో పరిస్థితి మారిపోయింది. 1991 సంస్కరణల తరువాత విదేశీ పెట్టుబడులు రావడం మొదలైంది. ప్రతి పెట్టుబడికీ వాటాల ఒప్పందాలు, కొనుగోలు ఒప్పందాలు, అనుమతుల పత్రాలు కావాలి. వందల పుటల ఆంగ్ల పత్రాలను రాత్రింబవళ్లు కూర్చుని తప్పు లేకుండా తయారు చేయగల యువకులు కావాలి. అప్పటిదాకా కుటుంబ వ్యాపారాల్లా నడిచిన ఫర్మ్‌లు పెరిగాయి, ఆ పెరుగుదలకు కావలసిన మనుషులు ఒకే చోట, ఒకే ప్రవేశ పరీక్షలో వడపోసి సిద్ధంగా దొరికారు. ఆ తరువాత భోపాల్, హైదరాబాద్, కోల్‌కతా, జోధ్‌పూర్, గాంధీనగర్‌లలో అదే పద్ధతిలో విశ్వవిద్యాలయాలు వచ్చాయి. హైదరాబాద్ నల్సార్ 1998 నాటిది. 2008లో వీటన్నిటికీ కలిపి క్లాట్ పెట్టారు.

ఈ రోజు పేరున్న పెద్ద ఫర్మ్‌లు కొత్తగా చేరిన అసోసియేట్‌కు, అంటే జూనియర్ న్యాయవాదికి, ఏడాదికి సుమారు 15 నుంచి 20 లక్షల రూపాయలు ఇస్తున్నాయి. సిరిల్ అమర్‌చంద్ మంగళ్‌దాస్, శార్దూల్ అమర్‌చంద్ మంగళ్‌దాస్, ఖైతాన్, ఏజెడ్‌బీ, ట్రైలీగల్ వంటి పేర్లు పిల్లల నోట్లో క్రికెటర్ల పేర్లలా నానుతున్నాయి. ఇందులో మొదటి రెండూ 2015 దాకా ఒకే సంస్థ. ఆ జీతం నిజమే, అయితే దాని స్వరూపం తెలుసుకోవాలి. చాలా ఫర్మ్‌లలో అసోసియేట్ చట్టం దృష్టిలో ఉద్యోగి కాదు, రిటైనర్ మీద, అంటే జీతానికి బదులు నెలవారీ వృత్తి ఫీజు మీద పనిచేసే న్యాయవాది. న్యాయవాదుల నియంత్రణ సంస్థ అయిన బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం పూర్తికాలపు జీతం తీసుకునే ఉద్యోగి న్యాయవాదిగా కొనసాగకూడదు కాబట్టి ఈ ఏర్పాటు. చేతికి వచ్చే మొత్తం నుంచి వృత్తి ఫీజు మీద కోసినట్టు పది శాతం పన్ను కోసుకుంటారు. ప్రావిడెంట్ ఫండ్, గ్రాట్యుటీ సాధారణంగా ఉండవు. పన్ను లెక్క వేరుగా వేసుకోవాలి. చెప్పిన మొత్తంలో కొంత భాగం ఏడాది చివర ఇచ్చే బోనస్ కూడా కావచ్చు. ఐటీ కంపెనీ ఆఫర్ లెటర్ చదివినట్టు దీన్ని చదివితే మోసపోతాం.

పని సంగతీ అంతే. ఒక కంపెనీ మరొక కంపెనీని కొంటుంటే, కొత్త అసోసియేట్ మొదటి రెండేళ్లు చేసేది డ్యూ డిలిజెన్స్. అమ్మే కంపెనీ లీజు పత్రాలు, బ్యాంకు రుణ ఒప్పందాలు, ఉద్యోగుల కాంట్రాక్టులు, కోర్టు కేసులు అన్నీ డేటా రూమ్ అనే ఆన్‌లైన్ భాండాగారంలో పెడతారు. వాటిలో ప్రతి ఒక్కటీ చదివి, యాజమాన్యం మారితే ఒప్పందం రద్దయ్యే షరతు ఎక్కడైనా ఉందా, స్టాంపు డ్యూటీ సరిగా కట్టారా, ఏ అనుమతి గడువు ముగిసిందో పట్టికగా రాయాలి. రాత్రి రెండు గంటలకు నాకు వచ్చే ఈమెయిళ్లలో సగం ఇరవై నాలుగేళ్ల పిల్లలు పంపినవే. ఆ పని విలువైనదే, నేర్పు పెంచేదే. నల్లకోటు వేసుకుని జడ్జి ముందు నిలబడి వాదించాలని కలగన్న పిల్లకు మాత్రం అది ఊపిరాడనివ్వదు. కాలేజీ ఎంచుకునే ముందే ఈ విషయం మా అక్క కూతురికి వివరంగా చెప్పాను. పత్రాలు చదవడం తనకు ఇష్టమేనని చెప్పింది. పీజీ లీజు అగ్రిమెంటు పోయిన ఏడాది చదివి, ఏటా అద్దె పెంచే షరతులో శాతం రెండుచోట్ల రెండు రకాలుగా ఉందని బావకు చూపించింది కూడా తనే.

ఇక ఫర్మ్‌లు ఎలా తీసుకుంటాయన్నది అసలు విషయం. పేరున్న జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల్లో విద్యార్థులే నడిపే ప్లేస్‌మెంట్ కమిటీ ఉంటుంది. నియామకాల మొదటి రోజును డే జీరో అంటారు. పెద్ద ఫర్మ్‌లు ఆ రోజే వచ్చి, ముందుగా సీజీపీఏ, అంటే అన్ని సెమిస్టర్ల మార్కుల సగటు చూసి కొందరిని పిలిచి, ఆ ఒక్క రోజులోనే ఎంపిక ముగిస్తాయి. అయితే చాలా సీట్లు అంతకు ముందే నిండిపోతాయి. మూడు, నాలుగో సంవత్సరాల్లో ఇంటర్న్‌షిప్‌కు వచ్చిన విద్యార్థి పని నచ్చితే ఫర్మ్ ముందస్తుగానే ఉద్యోగం ఖాయం చేస్తుంది, దాన్నే పీపీఓ అంటారు. ఇంటర్న్‌షిప్ రావాలంటే మొదటి రెండేళ్ల మార్కులు, మూట్ కోర్టు అనే నమూనా వాదనల పోటీలు, జర్నల్‌లో వ్యాసం, వీటన్నిటికన్నా మిన్నగా ఆ ఫర్మ్‌లో ఇప్పటికే పనిచేస్తున్న పూర్వ విద్యార్థి ఒకరు కావాలి. పాత కాలేజీకి, కొత్త కాలేజీకి మధ్య తేడా భవనాల్లో లేదు, అధ్యాపకుల్లో కూడా అంతగా లేదు. "అక్కా, నా దరఖాస్తు ఒకసారి చూడు" అని ఫోన్ చేయగలిగిన సీనియర్లు పాత కాలేజీకి ముప్పై ఏళ్లుగా పోగయ్యారు. కొత్త కాలేజీకి ఆ వరస ఇప్పుడిప్పుడే మొదలవుతోంది.

ఫర్మ్‌లు ఇలా గుప్పెడు క్యాంపస్‌లకే వెళ్లడం అన్యాయమని నేను నమ్ముతున్నాను. అది వాళ్లకు సులువు, అంతే. పద్దెనిమిదేళ్ల వయసులో రెండు గంటల్లో 120 ప్రశ్నలకు ఎంత వేగంగా జవాబిచ్చారన్నది, ఇరవై మూడేళ్ల వయసులో ఒప్పందం ఎంత బాగా రాస్తారో చెప్పదు. పైగా ఆ పరీక్ష దాదాపు అంతా ఆంగ్ల గద్యాన్ని వేగంగా చదివి అర్థం చేసుకోవడం మీదే నడుస్తుంది. మా పిల్ల రాసిన ఏడాది జనరల్ అభ్యర్థులకు దరఖాస్తుకే నాలుగు వేల రూపాయలు, కోచింగ్ ఖర్చు దాని మీద. రాయదుర్గంలోనో కదిరిలోనో తెలుగు మీడియంలో చదువుకున్న పిల్లకు అలాంటి పరీక్ష ఒకటి ఉందన్న సంగతే చేరదు. ఈ అంతరాన్ని చూసే న్యాయశాస్త్ర అధ్యాపకుడు శంనాద్ బషీర్ 2010లో ఐడియా అనే సంస్థను మొదలుపెట్టి, పేద కుటుంబాల పిల్లలకు శిక్షణ ఇప్పించి ఈ విశ్వవిద్యాలయాల్లో చేర్పించే పని చేపట్టారు. ఆయన 2019లో చనిపోయారు, సంస్థ నడుస్తోంది. మన సీమ జిల్లాల్లో దాని గురించి తెలిసినవాళ్లు మరింత మంది ఉండాలని నా కోరిక. కానీ అన్యాయం అన్యాయమే అయినా, ఈ ఏడాది చేరబోయే పిల్లకు అది ఉన్నదున్నట్టుగానే ఎదురవుతుంది కాబట్టి లెక్క దాన్ని బట్టే వేయాలి.

ఆ లెక్కను బ్రోచర్లు ఎలా మరుగుపరుస్తాయో ఒక ఊహా ఉదాహరణతో చూపిస్తాను. తరగతిలో అరవై మంది. పన్నెండు మందికి 18 లక్షల ఉద్యోగం, పది మందికి 8 లక్షల ఉద్యోగం వచ్చాయనుకుందాం. మిగిలిన ముప్పై ఎనిమిది మంది ప్లేస్‌మెంట్‌లో "పాల్గొనలేదు". ఆ ఇరవై ఇద్దరి జీతాలు కూడి ఇరవై రెండుతో భాగిస్తే సగటు 13 లక్షల 45 వేలు వస్తుంది. బ్రోచర్ ముఖపత్రం మీద పెద్ద అక్షరాల్లో ఆ అంకె, దాని పక్కన "పాల్గొన్నవారిలో నూరు శాతం" అని ఉంటుంది. రెండూ అబద్ధం కావు. కానీ ముప్పయ్యో విద్యార్థి ఆ లెక్కలో లేనే లేడు. పాల్గొనని ముప్పై ఎనిమిది మందిలో కొందరు నిజంగానే కోర్టు ప్రాక్టీసో, పైచదువో, సివిల్స్ పరీక్షో కోరుకున్నవాళ్లు. మరికొందరిని సీజీపీఏ తక్కువని వరసలోనే నిలబడనివ్వలేదు. ఇంకొందరు మొదటి నెలలోనే ఆశ వదులుకున్నారు. వీళ్లలో ఎవరు ఎందరన్నది తెలిస్తేనే ఆ కాలేజీ విలువ తెలుస్తుంది. సగటు జీతం చెప్పి మధ్యస్థ విద్యార్థి జీతం చెప్పని కాలేజీని నేను నమ్మను.

బావకు ఈ మాటల కంటే అప్పు లెక్క తొందరగా అర్థమైంది. ప్రైవేటు విశ్వవిద్యాలయంలో ఏడాదికి ఎనిమిది లక్షల చొప్పున ఐదేళ్లకు నలభై లక్షలు. ఏటా ఆ డబ్బు పది శాతం సాధారణ వడ్డీకి తెచ్చామనుకుంటే, చదువు ముగిసేసరికి వడ్డీయే పన్నెండు లక్షలు చేరి అప్పు యాభై రెండు లక్షలు అవుతుంది. దాన్ని పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 68,700 రూపాయల వాయిదా. పెద్ద ఫర్మ్‌లో చేరిన పిల్ల అది కట్టగలదు, బెంగళూరులో అద్దె, తిండి పోను తన దగ్గర కొంత మిగలవచ్చు కూడా. అదే పిల్ల చిన్న ఫర్మ్‌లోనో, కంపెనీలో కాంట్రాక్టులు చూసే ఉద్యోగంలోనో ఏడాదికి ఆరు లక్షలకు చేరితే నెల జీతమే యాభై వేలు. వాయిదా జీతాన్ని మించిపోతుంది. ఏడాదికి రెండున్నర లక్షల చోట అయితే, అదే లెక్కన అప్పు పదహారు లక్షల పాతిక వేలు, వాయిదా సుమారు 21,500. యాభై వేల జీతంలో అది కష్టమే, అసాధ్యం కాదు. పైగా విద్యా రుణం ఏడున్నర లక్షలు దాటితే బ్యాంకులు సాధారణంగా తాకట్టు అడుగుతాయి. మా ఇంట్లో తాకట్టు అంటే గుత్తి దగ్గర మా బావ వాళ్ల నాన్న పేరున ఉన్న నాలుగు ఎకరాలు. "తరగతిలో మొదటి పదిమందిలో ఉంటే తీరే అప్పుకు ఆ పొలం పెట్టొద్దు, మధ్యలో ఉన్నా తీరే అప్పుకైతే పెట్టు బావా" అని చెప్పాను.

దీనికి బావ ఒక మాట అన్నాడు, చాలామంది తల్లిదండ్రులు అనే మాటే. "మన పిల్ల మధ్యలో ఎందుకుంటుంది, స్కూల్లో ఎప్పుడూ ఫస్టే కదా." ఆ నమ్మకాన్ని కాదనడానికి నాకు మనసు రాలేదు, కానీ కాదనవలసి వచ్చింది. ఆ తరగతిలో కూర్చునే అరవై మందీ వాళ్ల వాళ్ల స్కూళ్లలో ఫస్ట్ వచ్చినవాళ్లే. వాళ్లలో ముప్పై మంది మొదటి సెమిస్టర్ ఫలితాలు వచ్చిన రోజున సగానికి కింద ఉంటారు. అది ఎవరి తెలివికీ మచ్చ కాదు, వరస పెడితే ఎవరో ఒకరు వెనక నిలబడాలి. చిన్నప్పటి నుంచి ఇంట్లో ఆంగ్లంలో వాదించుకుంటూ పెరిగిన పిల్లల మధ్య మన పిల్లలకు మొదటి ఏడాది ఇంకొంచెం బరువుగా ఉంటుంది. ఫర్మ్‌లు చూసే మార్కులు సరిగ్గా ఆ మొదటి రెండేళ్లవే. అందుకే మధ్యస్థ స్థానాన్ని ప్రమాణంగా పెట్టుకోమంటున్నాను. అంతకంటే బాగా చదివితే అదంతా లాభమే.

ఉద్యోగం రాకపోతే జడ్జి పరీక్ష ఉందిగా అనే ధైర్యం కూడా మన ఇళ్లలో ఉండేది. 2025 మే 20న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో సివిల్ జడ్జి పరీక్ష రాయాలంటే మూడేళ్ల ప్రాక్టీసు మళ్లీ తప్పనిసరి అయింది. ఆ తీర్పు మంచిదా కాదా అన్నది వేరే చర్చ. అప్పు చేసి చదివిన పిల్లకు దాని అర్థం మాత్రం స్పష్టం, వాయిదాలు మొదలయ్యే సమయానికి మూడేళ్లు జూనియర్‌గా గడపాలి. జూనియర్లకు నగరాల్లో నెలకు కనీసం 20,000, పల్లె ప్రాంతాల్లో 15,000 రూపాయలు ఇవ్వమని బార్ కౌన్సిల్ 2024 అక్టోబరులో సూచించింది. అది సూచన మాత్రమే. సిటీ సివిల్ కోర్టు కారిడార్లలో నేను ఇప్పటికీ పలకరించే జూనియర్లలో ఆ మొత్తం చేతికి అందుతున్నవాళ్లు నాకు తక్కువగానే కనిపిస్తారు.

మూడో కాగితం గురించి కూడా న్యాయంగా మాట్లాడాలి. ముంబయి ప్రభుత్వ న్యాయ కళాశాల 1855 నాటిది. అక్కడ ఫీజు జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలతో పోలిస్తే అతి స్వల్పం. అయినా అక్కడి విద్యార్థులు పెద్ద ఫర్మ్‌లలో ఎందరో ఉన్నారు, ఎందుకంటే చాలా ఫర్మ్‌ల పెద్ద కార్యాలయాలు అదే నగరంలో ఉండి, ఏడాది పొడవునా ఇంటర్న్‌షిప్ చేసే వీలు ఆ కాలేజీ వేళల వల్ల వాళ్లకు ఉంది. నెల రోజుల సెలవుల్లో ఒకసారి వచ్చి వెళ్లే విద్యార్థి కంటే ఆరు నెలలు పక్కనే కూర్చుని పనిచేసిన విద్యార్థి గుర్తుండిపోతాడు. ఈ సదుపాయం కొంతవరకు బెంగళూరుకూ ఉంది. పెద్ద ఫర్మ్‌లన్నిటికీ ఇక్కడ కార్యాలయాలున్నాయి. స్టార్టప్‌లలో పెట్టుబడుల పని, టెక్నాలజీ ఒప్పందాల పని ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది. హైకోర్టు నగరం నడిబొడ్డునే ఉంది. ఇంటి అన్నం తింటూ, అప్పు లేకుండా, ఐదేళ్లూ ఏదో ఒక ఆఫీసులో సాయంత్రాలు పనిచేయగల పిల్లకు బెంగళూరు కాలేజీ చిన్న విషయం కాదు. అయితే పెద్ద ఫర్మ్‌లు అక్కడికి వాటంతటవి రావు, ప్రతి ఇంటర్న్‌షిప్‌కూ తనే తలుపు తట్టాలి. నేను తట్టిన తలుపులు ఎన్నో నాకు గుర్తుంది. ఆ శ్రమను మరొకరికి తేలిగ్గా సిఫారసు చేయలేను.

బెంగళూరు తెలుగువాళ్లు ప్రత్యేకంగా గమనించవలసిన సంగతి ఒకటి ఉంది, మా ఇంట్లో అది చాలా ఆలస్యంగా తెలిసింది. స్థానికత కోటాలు సాధారణంగా పుట్టిన ఊరిని బట్టి నడవవు. ఊరు వదిలి వచ్చి ఇక్కడ చదువుకున్న పిల్లలకు నల్సార్‌లో తెలంగాణ వాసుల కోటా గాని, విశాఖ దామోదరం సంజీవయ్య విశ్వవిద్యాలయంలో ఆంధ్ర స్థానికుల కోటా గాని మామూలుగా అందదు. అదే సమయంలో నాగరబావి లా స్కూల్‌లో కర్ణాటక విద్యార్థులకు ఉన్న కోటా, ఈ రాష్ట్రంలో కనీసం పదేళ్లు చదివినవాళ్లకు వర్తిస్తుంది, ఇంట్లో మాట్లాడే భాష ఏదైనా సరే. మూడో తరగతిలో ఇక్కడ చేరిన మా అక్క కూతురికి పన్నెండో తరగతితో సరిగ్గా పదేళ్లు నిండాయి. తన ర్యాంకు అక్కడికి చేరేది కాదు కాబట్టి ఉపయోగపడలేదు. కానీ దరఖాస్తులో ఆ గడి నింపాలన్న సంగతే తెలియక వదిలేసిన తెలుగు కుటుంబం ఒకటి మా వీధిలోనే ఉంది.

చివరికి నేనూ, మా అక్క కూతురూ కలిసి ఒక పని చేశాం. మూడు కాలేజీలకూ ఒకే ఉత్తరం రాశాం: గత రెండు బ్యాచ్‌లలో మొత్తం విద్యార్థులు ఎందరు, ప్లేస్‌మెంట్‌కు పేరు ఇచ్చింది ఎందరు, సీజీపీఏ కారణంగా ఎందరిని ఆపారు, మధ్యస్థ జీతం ఎంత, కాలేజీ ద్వారా కాకుండా సొంతంగా ఉద్యోగం తెచ్చుకున్నవాళ్లు ఎందరు. ప్రైవేటు విశ్వవిద్యాలయం నుంచి అదే బ్రోచర్ మళ్లీ వచ్చింది, మరుసటి రోజు ఫీజు గడువు గుర్తుచేస్తూ ఫోన్ కూడా వచ్చింది. బెంగళూరు కాలేజీలో ఆ లెక్కలు ఎవరూ రాసి పెట్టలేదని ఆఫీసులో మర్యాదగానే చెప్పారు. ఆ కొత్త జాతీయ విశ్వవిద్యాలయం ప్లేస్‌మెంట్ కమిటీలో ఉన్న ఒక నాలుగో సంవత్సరం అబ్బాయి మాత్రం రాత్రి ఫోన్ చేసి ముప్పావు గంట మాట్లాడాడు. పెద్ద ఫర్మ్‌లకు తమ బ్యాచ్ నుంచి వెళ్లేవాళ్లు చేతివేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మందేనని, మధ్యలో ఉన్నవాళ్లు ఎక్కువగా మధ్యతరహా ఫర్మ్‌లకు, కంపెనీలకు ఆరేడు లక్షల దగ్గర వెళుతున్నారని, కొందరు ఇంకా వెతుక్కుంటున్నారని దాచకుండా చెప్పాడు. తమ కాలేజీ దిగువ సగం సంగతి తెలిసి ఉండి, దాన్ని తెలియని మనిషికి చెప్పగలిగిన విద్యార్థి ఉన్న చోటు మీద నాకు గౌరవం కలిగింది. ఆరేడు లక్షలకు 21,500 వాయిదా సరిపోతుందన్న లెక్క అప్పటికే మా దగ్గర ఉంది. జూలైలో అక్క, బావ పిల్లను అక్కడ దింపి వచ్చారు.

ఇటువైపు నేను చేయగలిగినది కూడా ఒకటి ఉందని అప్పటి నుంచి మనసులో మెదులుతూనే ఉంది. మా విభాగానికి ఏటా ఇద్దరు ఇంటర్న్‌లను తీసుకుంటాం. ఇప్పటిదాకా వాళ్లు ఎవరో ఒకరి సిఫారసు మీద, దాదాపు ఎప్పుడూ అవే రెండు మూడు క్యాంపస్‌ల నుంచి వచ్చేవారు. నేనూ అభ్యంతరం చెప్పలేదు. ఈసారి పైవాళ్లను ఒప్పించి, బెంగళూరులోని లా కాలేజీలన్నిటికీ నోటీసు పంపాను. దరఖాస్తులో కాలేజీ పేరు ఉన్న గీతను మా ఆఫీసు సహాయకురాలు కొట్టివేసి నాకు ఇస్తుంది. వచ్చిన వాళ్లందరికీ ఒకే పరీక్ష: పన్నెండు పుటల లీజు అగ్రిమెంటు, గంటన్నర సమయం, తప్పులు గుర్తుపట్టి సరిచేయాలి. అద్దె పెంపు శాతం రెండుచోట్ల రెండు రకాలుగా ఉండేలా నేనే ఆ పత్రంలో ఒక తప్పు పెట్టాను. వచ్చే శనివారం ఉదయం పదిన్నరకు పరీక్ష, నిన్నటికి నలభై ఒక్క పేర్లు వచ్చాయి. ఒక అమ్మాయి ఫోన్ చేసి, పెన్నుతో రాయవచ్చా, కంప్యూటర్ తప్పనిసరా, తన దగ్గర ల్యాప్‌టాప్ లేదు అని అడిగింది. పెన్నుతోనే రాయమని, పెన్నులు మేమే ఇస్తామని చెప్పాను.